మా వదిన పొట్టలో చిల్లు

మా వదిన జెనిల్డా లావు మనిషి అంటే చాలదు. మా గుట్ట మెట్ల మీద ఆవిడ దిగుతుంటే ఎదురొచ్చేవాళ్ళు ఎవరో ఒకరి వాకిట్లోకి తప్పుకుని నిలబడాల్సిందే. ఆవిడేమీ నొచ్చుకునేది కాదు. "దారివ్వండమ్మా, రాణీగారి ఊరేగింపు వస్తోంది" అని తనే నవ్వించేది. ఆవిడ తమ్ముడు ఆదెమీర్‌ని చేసుకుని నేను ఈ ఇంటికొచ్చిన నాటినుంచీ మా రెండు వంటిళ్ళకీ మధ్య గోడ ఒకటే. ఆ గోడకి అటూ ఇటూ నిలబడి మేం పోట్లాడుకోని రోజు లేదు. నా నోరు మంచిది కాదని మా రెసిఫె ఊళ్ళో సగం మందికి తెలుసు. ఆవిడ నోరు అంతకంటే మంచిది కాదని నాకు తెలుసు.

లావెందుకైందో కూడా చెప్తాను. పొద్దున్నంతా బడిలో పిల్లలకి వంట చేసేది. సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని మంత్రం వేసేది. దిష్టి తగిలిన పసివాళ్ళు, చెవిపోటు, సర్పి, కడుపునొప్పి, ఏదొచ్చినా జనం మా మెట్లెక్కేవారు. చేతిలో సదాపాకు రెమ్మ పట్టుకుని, మరియమ్మ తల్లి పేరు పెదాల మధ్యే గొణుగుతూ తల మీదనుంచి కాళ్ళదాకా దిగదుడిచేది. చివరికి రెమ్మ వాడిపోయేది, పిల్లాడు నిద్రపోయేవాడు. దానికి డబ్బు ముట్టకూడదు, ముడితే మంత్రం చెడిపోతుంది. అయితే తెచ్చిన తిండి మాత్రం కాదనకూడదు. పారెయ్యకూడదు, పక్కింటికి పంచకూడదు, తనే తినాలి. కర్రపెండలం కేకులు, మొక్కజొన్న పాయసం, కాల్చిన జున్నుముక్కలు, కోడిపులుసు. గుట్ట మీద రోగాలు తక్కువా?

"నువ్వు వాళ్ళ జబ్బులు తీస్తున్నావా, తింటున్నావా వదినా?" అనేదాన్ని.

"రెండూనే. నీకు కుళ్ళు. నీకెవరూ కేకు తేరుగా" అనేది నోటినిండా తింటూనే.

మోకాళ్ళు పోయాయి. చక్కెర వ్యాధి పట్టుకుంది. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేది. అలా ఉలిక్కిపడ్డప్పుడల్లా గోడకి ఇవతల నేనూ లేచి కూర్చునేదాన్ని. పొట్ట ఆపరేషన్ చేయించుకోకపోతే ఇంక లాభం లేదని ఆరోగ్యకేంద్రం డాక్టరు చెప్పాడు. సర్కారు ఆస్పత్రి వరసలో ఏళ్ళ తరబడి కూర్చున్నాక పిలుపొచ్చింది. పొట్టని నిలువుగా కోసి, ముప్పాతిక భాగం తీసేసి, మిగిలింది అరటిపండంత గొట్టంలాగ కుట్టేశారు. బాగానే ఇంటికొచ్చింది. కాఫీ కప్పులో వడకట్టిన పులుసు పోసిస్తే చూసి, "ఏమే ఇవానీ, ఇందులో పిచ్చుక కూడా స్నానం చెయ్యదే" అంది. ఆ పూట బాగా నవ్వుకున్నాం.

తర్వాత ఎడమ భుజం నొప్పి మొదలైంది.

భుజం నొప్పి, ఆయాసం, గుండెల కింద పట్టేసినట్టు ఉండడం. మా గుట్ట మీద చిన్నపిల్లనడిగినా అదేమిటో చెబుతుంది. రొమ్మెముక జారింది. బరువెత్తితే జారుతుంది. వదిన ముందురోజు బీన్సు కుక్కరు దించింది కూడాను. మందులకి లొంగేది కాదది, మంత్రం వేసేవాళ్ళే ఎత్తి కూర్చోబెట్టాలి. అలాంటి ఎముకలు వదిన వందల్లో కూర్చోబెట్టింది. కానీ ఎవరి మంత్రం వాళ్ళకి పనిచెయ్యదు. ఇంకొకరు రావాలి. ఆ ఇంకొకరు ఫిలొమేనా.

ఫిలొమేనా మా కింది మెట్లలో ఉంటుంది, తనూ మంత్రం వేస్తుంది. ఆవిడకీ వదినకీ పడి చావదు. ఎప్పుడో ఒక పసిపిల్లకి జ్వరం తగ్గితే ఎవరి మంత్రానికి తగ్గిందని మొదలైన తగువు. ఆ పిల్లకి ఇప్పుడు పెళ్ళయి పిల్లలు కూడాను, తగువు మాత్రం అలాగే ఉంది. అయినా కబురంపగానే ఆవిడ రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చింది. వచ్చి, అందరూ చేసినట్టే దారం తీసింది. చిటికెన వేలి కొన నుంచి మోచేతి దాకా కొలిచి, అదే దారం ఈ భుజం నుంచి ఆ భుజానికి వేస్తారు. సరిపోతే ఎముక చోటునే ఉన్నట్టు. తేడా వస్తే జారినట్టు.

కొలిచింది. మళ్ళీ కొలిచింది. దారం మడిచి జేబులో పెట్టుకుంది.

"ఎముక చోటునే ఉంది. ఇది నా పని కాదు, నీ పనీ కాదు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆస్పత్రికి పో జెనిల్డా."

"కొలవడం కూడా మర్చిపోయావా ఫిలొమేనా? దారం అంత వదులుగా పట్టుకుంటే ఏనుగుకి కూడా సరిపోతుంది."

"నీకు సరిపోయిందంటే ఏనుక్కి సరిపోయినట్టే. పిచ్చి పంతాలు మాని డాక్టరు దగ్గరికి పో."

ఆవిడ వెళ్ళగానే వదిన ఇంకో దారం తీసి నా చేతికిచ్చింది. "నువ్వు పట్టు. గట్టిగా లాగు. ఇంకా గట్టిగా." లాగాను. వేలెడు తేడా వచ్చింది. "చూశావా, కళ్ళు కనపడవు ముసలిదానికి" అంది, గెలిచినట్టు మొహం పెట్టి. పాత దుప్పటి చించి ఎదకి బిగించి కట్టించుకుని పడుకుంది. తెల్లారేసరికి పెదాలు బూడిదరంగులో ఉన్నాయి. గుండె కొట్టుకోవడం దుప్పటి మీదనుంచే కనిపించింది. నన్ను చూసి "ఎవరే?" అంది. వాకిట్లోకి పరిగెత్తి కేకలు పెట్టాను. ఆదెమీర్, ఇంకో నలుగురు మగాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మెట్లన్నీ దించారు.

పొట్టకి వేసిన కుట్టు పైచివర, అన్నం దిగే గొట్టం దగ్గర, విడిపోయిందట. చిన్న చిల్లు. ఇలాంటి ఆపరేషన్ ఎంత బాగా చేసినా కొందరికి ఇలా అవుతుందని చెప్పారు. మింగిన పులుసు, మంచినీళ్ళు, ఆఖరికి ఉమ్మి కూడా ఆ చిల్లులోంచి బయటికి కారి, గుండె కింద గూడు కట్టి కుళ్ళుతోంది. అందుకే ఆ భుజం నొప్పి. ముందు డొక్కలోంచి గొట్టం వేసి చీము బయటి సంచిలోకి తీశారు. మిగతాది నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసే డాక్టరమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ పేరు మిరెల్లా. సన్నగా, చిన్నగా ఉంటుంది, మాట మాత్రం సూటిగా ఉంటుంది.

"మళ్ళీ పొట్ట కోసి కుట్టెయ్యొచ్చుగా తల్లీ?" అన్నాను.

"తడిసిన కాగితానికి కుట్టు నిలుస్తుందా? లోపల కండ ఇప్పుడు అలా ఉంది. నోట్లోంచే వెళ్ళి, చిల్లు తనంతట తను పూడేలా చెయ్యాలి."

"పూడకపోతే?"

"పూడేదాకా చేస్తాం. మధ్యలో చీము ఒళ్ళంతా పాకకుండా చూసుకోవాలి. పాకితే మనిషి దక్కడం కష్టం."

ఈ మాట విని ఆదెమీర్ గోడకి జారగిలబడి అలాగే కింద కూలబడ్డాడు. రక్తం బొట్టు చూస్తే పడిపోయే మనిషి. నీళ్ళు చల్లి ఇంటికి పంపించేశాను. పక్కన ఉండడానికి మిగిలింది ఒక ప్లాస్టిక్ కుర్చీ, నేను.

ఆ చిల్లుకి వాడే వస్తువు డాక్టరమ్మ నా కళ్ళ ముందే తయారుచేసింది. ముక్కులోంచి వేసే మామూలు సన్న గొట్టం తీసుకుంది. దాని కొసకి గాజుగుడ్డ చుట్టింది. ఆ మీద పల్చటి అతుకు కాగితం లాంటిది బిగించి, దారంతో కట్టి, సూదితో ఒళ్ళంతా పొడిచింది. మొక్కజొన్న ముద్దని ఆకులో చుట్టి కట్టినట్టే ఉంది చూడ్డానికి. కంపెనీ స్పాంజి ఒకటుంటుందనీ, అది మా ఆస్పత్రికి రాదనీ, ఇదీ అంతే పని చేస్తుందనీ చెప్పింది. నేను నమ్మినట్టు తలూపాను. నాకు నమ్మకం కుదరలేదు. మా వదిన ప్రాణం ఆ గుడ్డముక్క మీద ఉందా అనుకున్నాను.

దాన్ని మత్తులో నోట్లోంచి దించి, చిల్లులోంచి అవతల చీము గూట్లో పెట్టారు. రెండో కొస ముక్కులోంచి బయటికి తెచ్చి మంచం వెనక గోడకున్న పీల్చే గొట్టానికి తగిలించారు. గోడ రాత్రీ పగలూ లోపలి చీముని గుడగుడమని పీలుస్తూ ఉంటుంది. అలా పీలుస్తుంటే గూడు ముడుచుకుని, కొత్త కండ పెరిగి, చిల్లు పూడాలి. కొన్నాళ్ళకోసారి తీసి కొత్తది పెడతారు. అన్నాళ్ళూ నోట్లో చుక్క నీళ్ళు పొయ్యకూడదు. ఆహారమంతా ఇంకో ముక్కులోంచి దిగిన సన్న గొట్టంలో.

జన్మలో ఎవరు పెట్టిందీ కాదనని మనిషి. తడిగుడ్డతో పెదాలద్దుతుంటే ఆ గుడ్డని పళ్ళతో పట్టుకునేది. వసారాలోంచి కాఫీ వాసన వస్తే కళ్ళు మూసుకునేది. "వాసన కూడా మింగకూడదా మరదలా?" అంది ఒకసారి, గొట్టాల మధ్యనుంచి గొంతు పెగల్చుకుని. నవ్వబోయాను, ఏడుపొచ్చింది. ఆవిడకి కనపడకుండా దుప్పటి సర్దాను.

నాకు ఆ గుడగుడ చప్పుడే ప్రాణమైపోయింది. చప్పుడుంటే వదిన ఉన్నట్టు. ఒక మధ్యాహ్నం వార్డులో అందరూ భోజనాలు చేస్తుంటే అది ఆగిపోయింది. ఒక్క మా మంచం దగ్గరే కాదు, ఆ వరస గోడంతా మూగబోయింది. నర్సు పరిగెత్తింది. ఇంకో నర్సు చేత్తో తోసుకొచ్చే యంత్రం కోసం వెళ్ళింది. ఎంతసేపటికీ రాదు. గొట్టంలో చీము ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక ఊరికే పట్టుకు కూర్చున్నాను. వదిన నా మొహం వంకే చూస్తోంది, నా మొహంలో ఏముందో దాన్నిబట్టి తనకేమవుతుందో తెలుసుకునేలా. యంత్రం వచ్చింది, చప్పుడు మొదలైంది. ఆ సాయంత్రం మళ్ళీ జ్వరం పెరిగింది.

గుడ్డ మార్చినప్పుడల్లా గూడు కాస్త కాస్త చిన్నదవుతోందనేవారు. తర్వాత చిన్నదవడం ఆగింది. డొక్క సంచిలోకి పచ్చటి మురికి రావడం మాత్రం ఆగలేదు. మిరెల్లా డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"కింద పొట్ట ఒకచోట మెలిక తిరిగి ఇరుకైంది. తూము పూడుకుపోతే పైన మురుగు పొంగుతుంది కదా, మీ గుట్ట మీద వానాకాలం చూసే ఉంటారు. ఇదీ అంతే. ఉమ్మి కిందికి దిగలేక చిల్లులోంచి పోతోంది. కాబట్టి లోపలినుంచే ఆ గూటికీ పొట్టకీ మధ్య ఉన్న గోడ కొయ్యాలి. ఇరుకైన చోట బెలూన్ పెట్టి సాగదియ్యాలి."

"చిల్లు పూడాలని ఇన్నాళ్ళు పడుంటే, ఇప్పుడింకా కొయ్యాలంటున్నావా తల్లీ?"

"అవును. గూట్లోది పొట్టలోకి పడితే చిల్లుతో పనుండదు, అదే మూసుకుంటుంది. కానీ కోసేటప్పుడు రక్తం పోవచ్చు. ఎక్కువ పోతే నా చేతిలో ఉండదు. మీ దగ్గర దాచను."

దాచినా బావుండేదనిపించింది.

ఆ మాట గుట్ట మీదికి ఎలా పాకిందో గానీ, మర్నాడు చూడ్డానికి వచ్చే వేళకి ఫిలొమేనా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. వదిన కునుకులో ఉంది. నేను అడ్డం వెళ్ళాను.

"ఏం చూసిపోదామని వచ్చావు?"

"కోప్పడకే ఇవానీ. ఒక మాట చెప్పి పోతాను. మంత్రం గుండెలో పెట్టుకుని పోయేవాళ్ళకి ప్రాణం తేలిగ్గా పోదు. మా అమ్మమ్మ మూడు రోజులు కొట్టుకుంది, చివరికి నా చెవిలో వేశాకే కళ్ళు మూసింది. జెనిల్డాని కూడా ఎవరి చెవిలోనైనా వెయ్యమను. అంత బాధ ఎందుకు మనిషికి?"

"నీ చెవి ఖాళీగా ఉందా?"

"నాకు నాది ఉంది. మీ ఇంట్లో మనిషివి, నువ్వే తీసుకో."

ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఇంకొకప్పుడైతే జాలిపడేదాన్ని. "బతికున్న మనిషికి పాడె కొలతలు తీయకు, పో" అని తరిమేశాను. తరిమేశాను గానీ ఆ మాట నాలో దిగబడిపోయింది. మంత్రం చెవిలో వేశాక వేసినవాళ్ళ దగ్గర ఉండదు. వాళ్ళ పని అయిపోయినట్టే. గుట్ట మీద మంత్రం ఇచ్చేసి బతికి బట్టకట్టినవాళ్ళని నేనెరగను. నేను తీసుకుంటే వదినని నా చేత్తో సాగనంపినట్టే.

తీసుకెళ్ళడానికి వచ్చారు. మంచం చక్రాలు కదిలాయి. మత్తుగది తలుపు దగ్గర వదిన నా జాకెట్టు అంచు పట్టుకుని లాగింది. ఆ లాగడం రోగిష్టి మనిషి లాగినట్టు లేదు. నా చెవిని తన నోటి దగ్గరికి తెచ్చుకుంది. పెదాలు కదిలాయి, వేడి ఊపిరి నా చెవికి తగిలింది.

నేను రెండు చేతులతో రెండు చెవులూ మూసుకున్నాను.

"నాకొద్దు వదినా. చచ్చినా వినను. బయటికి వచ్చాక నువ్వే వేసుకో, నీ దిక్కుమాలిన మంత్రం" అని అరిచాను. నర్సులు నిలబడి చూశారు. వదిన పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి, నాకేమీ వినపడలేదు. మంచం లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. నేను చెవుల మీదనుంచి చేతులు తియ్యకుండానే గోడవారగా కూర్చుండిపోయాను.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఒకవేళ తిరిగి రాకపోతే? మంత్రం గొంతులో అడ్డంపడి, ఫిలొమేనా అమ్మమ్మలా కొట్టుకుంటుంటే? నేను వినకపోవడం వల్లే ప్రాణం పోక, ఉండక లోపల యాతన పడుతుంటే? తలుపు తెరిచిన ప్రతి మనిషి చేతులూ చూశాను, రక్తం ఉందేమోనని. ఒకామె ఎర్రటి సంచి తీసుకుని గబగబా లోపలికి వెళ్ళింది. అది మా వదినకి కాదని తర్వాత తెలిసింది. అప్పుడు తెలియదు. గోడని పట్టుకుని లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. మరియమ్మ తల్లిని పిలుద్దామంటే ఒక్క మాట గుర్తు రాలేదు.

డాక్టరమ్మ టోపీ తీసుకుంటూ బయటికొచ్చింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. "కోశాను, కొద్దిగా రక్తం పోయింది, ఆగింది. బెలూన్ కూడా పెట్టాను. ఇంక లోపల ఏమైందో రెండురోజులాగి చూడాలి" అంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపు వదల్లేదట, తర్వాత నర్సు చెప్పి నవ్వింది.

రెండురోజులాగి నీలం మందు తెచ్చారు. గ్లాసుడు నీళ్ళలో కలిపిన బట్టలనీలిలా ఉంది. అది తాగాలి. చిల్లు ఉంటే ఆ నీలం డొక్క సంచిలోకి వస్తుంది, పూడితే రాదు. వదిన గ్లాసు వంక చూసింది. ఇన్నాళ్ళకి నోట్లోకి పోబోయే మొదటి గుక్క. గ్లాసు ఎత్తేటప్పుడు కాస్త దుప్పటి మీద ఒలికింది. మింగింది. గొంతు కదలడం చూశాను. తర్వాత అందరం సంచి వంకే చూస్తూ నిలబడ్డాం, డాక్టరమ్మ, నర్సు, నేను. వదిన మాత్రం చూడలేదు. పైకప్పు వంక చూస్తూ, "వచ్చిందా?" అంది. కాసేపాగి మళ్ళీ, "వచ్చిందా?" అంది. సంచిలో అడుగున పాత పసుపు చుక్క తప్ప ఏమీ లేదు.

"రాలేదు. ఇంక రాదు" అంది డాక్టరమ్మ.

వదిన నాలుక బయటపెట్టింది. నాలుకంతా నీలం. "ఇదేం రుచే, ఫిలొమేనా వండినట్టుంది" అంది. నర్సు పకపకా నవ్వింది. నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను, ఈసారి దాచుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక చెంచాతో నీళ్ళు పడుతుంటే నా చెయ్యి ఆపింది.

"ఆ రోజు ఎందుకే అలా అరిచావు?"

"మరి మంత్రం చెప్పబోయావుగా. నేను వింటే నువ్వు పోతావని."

వదిన నీళ్ళు మింగింది, మింగిన ప్రతిసారీ ఆగి, లోపల ఏమవుతోందో అని వింటున్నట్టు కూర్చుంది.

"మంత్రమా? నాకు అప్పుడు ఒక్క మంత్రం ముక్క గుర్తు లేదే ఇవానీ. ఇంతమంది పిల్లల భయం తీశాను, నాకు భయమేస్తే ఎవరికి చెప్పుకోను? భయంగా ఉంది, నన్నొక్కదాన్నీ పంపకు, నిద్రపట్టేదాకా చెయ్యి పట్టుకో అని నీకు చెప్పబోయాను. నువ్వేమో చెవులు మూసుకున్నావు. అలాగే లోపలికి తీసుకుపోయారు."

చెంచా మళ్ళీ నింపి ఆవిడ నోటికి అందించాను.

ఇరుకైన చోటు మళ్ళీ ముడుచుకోకుండా గురువారం ఇంకోసారి బెలూన్ పెట్టాలన్నారు. ఆ రోజు మంచంతో పాటు నేనూ లోపలికి నడిచాను. బయటివాళ్ళు రాకూడదంది నర్సు. నేను బయటిదాన్ని కాదన్నాను. డాక్టరమ్మ ఒకసారి నా మొహం చూసి, ఉండనివ్వండి అంది. వదిన పెదాలు కదిలాయి. వంగి, చెవి ఆవిడ నోటికి ఆనించాను.

"భయంగా ఉందే" అంది.

"నాకూ భయంగానే ఉంది వదినా" అన్నాను. ఆవిడ వేళ్ళు పూర్తిగా వదులయ్యేదాకా చెయ్యి వదల్లేదు.